జీర్ణోద్ధారణము



గడచిన మాసమున మాగాయలో వెల్లుల్లి వేయవచ్చునా యను తగవు తీర్చితిని. ఈ మాసమున మా యింటి తగవే తీర్పునకు వచ్చినది.

మావారు ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయులు. ఒక సాయంకాలము బడినుండి వచ్చి, కాళ్ళైనను కడుగుకొనక, “ఆళ్ళగడ్డలో అంబాసిడరు కారొకటి అమ్మకమునకున్నదట. అరువదివేలేనట” అనిరి. మంచి స్కూటరు వచ్చుటయే కష్టమైన ఆ ధరకు కారెట్లు వచ్చునని నేనడుగగా రెండవమాట మెల్లగా వెలువడినది: “విప్పియున్నదట.”

మాకడ చీటీ పాడిన సొమ్ము రెండులక్షలున్నది. అది మిద్దెకొరకై యుంచినది. రెండు వానకాలములుగా మా మిద్దె కురియుచున్నది. పడకగదిలో గంగాళము, పిల్లల పుస్తకముల బీరువాపై ప్లాస్టికు పట్ట. కావున నేను “వలదు” అని యొక్కమాటతో ముగింపవచ్చును. ముగింపలేకపోయితిని. పెండ్లియై అత్తవారింటికి వచ్చిననాడు నంద్యాల రైలుస్టేషనునుండి నన్ను దెచ్చినది తెల్లని అంబాసిడరే. వెనుకసీటున ఐదుగురము, నా యొడిలో నొక పెట్టె. ఈ మాట మావారికి జెప్పలేదు. చెప్పినచో నాకిక వాదమే మిగులదు.

ఆదివారమునాడు బస్సెక్కితిమి. ఆళ్ళగడ్డ మాకు నలువది కిలోమీటర్ల దూరము. ఆ యూరు శిల్పులకు ప్రసిద్ధి. ఒక పందిరిలో సగము చెక్కిన నృసింహస్వామిని జూచి కొంతసేపు నిలిచితిని. రాతినుండి యక్కరలేనిదానిని దీసివేయుట వారి విద్య. మేము చూడబోవునది చెదరినదానినంతయు జేర్చు విద్య.

బండి యొక రేకులపాకలో నుండెను. ఇటుకలపై గుల్ల, గోడకానించిన నాలుగు తలుపులు, గోనెసంచిలో గేరుబాక్సు, నూనెడబ్బాలనిండ బోల్టులు. జరాసంధుని రెండు చెక్కలను జర యను రాక్షసి చేర్చినంతనే శిశువు కేరుమనెనని భారతమున జదివితిమి గదా! అచ్చట రెండే చెక్కలు. ఇచ్చట నెన్నివందలో!

“మా నాయన మొదలుపెట్టినాడక్కా. విప్పిన మేస్త్రీ కడపకు పోయినాడు, మళ్ళా రాలేదు” అని యా యింటి యబ్బాయి చెప్పెను.

ఆ మాట నా మనస్సున నాటుకొనెను. శ్రీశైలము ఆనకట్ట కట్టినపుడు మునిగిపోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమునకు దెచ్చి మరల నిలిపిరి. రాతిరాతికిని అంకె వేసి విప్పినందుననే గదా యది సాధ్యమైనది. జీర్ణోద్ధారణమనగా విప్పునాడే మొదలగు పని. ఈ డబ్బాలలో నొక్క బోల్టునకైనను చీటి లేదు. మావారు మాత్రము, “అదియొక లెక్కవంటిదే, సాధింపవచ్చును” అని మురియుచుండిరి. లెక్కలో నిచ్చినవన్నియు నుండునని యెవరు చెప్పిరో!

మరుసటి ఆదివారము నంద్యాలలో వృద్ధుడైన మెకానిక్కు నొకనిని బ్రతిమాలి వెంట దీసికొనిపోయితిమి. అతడు ముప్పదియేండ్లు టాక్సీ అంబాసిడర్లను బాగుచేసినవాడు. అతడు ఇంజనువైపు చూడనేలేదు. స్క్రూడ్రైవరు దీసి గుల్ల యడుగున నాలుగుచోట్ల పొడిచెను. రెండుచోట్ల నది యప్పడమువలె దిగిపోయెను.

ఇందలి మర్మము నేనంతకుముందెరుగను. లారీకి వలె అంబాసిడరునకు వేరుగా చట్రము లేదు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవశ్రేణి ననుసరించి హిందూస్థాన్ మోటార్సువారు వంగదేశమున ఉత్తరపాడాలో దీనిని జేసిరి. ఆ గుల్లయే దాని వెన్నెముక. అడుగు త్రుప్పుపట్టుట యనగా నెముకలు పుచ్చుటయే. ఇంజను బోరు చేయింపవచ్చును, పిస్టన్లు మార్పింపవచ్చును. అవి టాక్సీలు నడచినన్నినాళ్ళు ఊరూర దొరికినవి, నేటికిని వెదకినచో దొరకును. 2014లో తయారీ నిలిచిపోయినను ఆ చింత లేదు. దొరకనివి చూపునకు జిన్నవి: రెండవ మార్కు ముందుజాలి, మెరుగుపూత పట్టీలు, దీపముల చుట్లు. అవియే ఆ పాకలో లేవు. మా యింటనున్న మిల్లీమీటరు పానాలును దానికి బట్టవట. అన్నియు నంగుళపు కొలతలే.

పిమ్మట ఆర్.సి. కాగితము చూచితిమి. 1972 నాటిది. అందలి ఇంజను నంబరొకటి, గోనెపట్టమీది యింజను నంబరొకటి! అబ్బాయి నిజముగనే తెల్లబోయెను. వాని తప్పు లేదు.

మావారి యాశ యేమనగా, బండిని బాగుచేసి దినదినము బడికి దానిలోనే పోవుట. 2021లో కేంద్రప్రభుత్వమువారు చేసిన నియమము ప్రకారము ఏబదియేండ్లు దాటి మూలరూపము చెడని బండ్లను వింటేజి బండ్లుగా నమోదు చేయింపవచ్చును. క్రొత్తనమోదునకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదియేండ్లు. అయిన నట్టి బండిని నిత్యము రోడ్డుపై ద్రిప్పరాదు. సాధారణముగ నుంచుకొనవలెనన్న పాత రిజిస్ట్రేషనును బునరుద్ధరింపవలెను, తనిఖీకి బండిని జూపవలెను. డబ్బాలలోనున్న బండిని జూపుటెట్లు? అందాక ముందుగా సొమ్మంతయు బోయవలసినదే.

తిరుగుబస్సులో నేను కాగితముపై వ్రాసితిని. బండి అరువదివేలు. మెకానిక్కు చెప్పిన టింకరింగు, రంగు, ఇంజను, వైరింగు, సీట్లు, టైర్లు కలిపి మూడున్నర లక్షలు. “రెండేండ్లగునమ్మా, విప్పినవాడుంటే సగము పని యయినట్టే” అని యతడు ముందుసీటునుండి యనెను. నాలుగులక్షలకు నడుచుచున్న బండియే వచ్చునని కూడ ననెను. మావారు కాగితము చూచి, మడిచి, జేబులో బెట్టుకొనిరి. మాటలాడలేదు.

రెండుదినము లింట నిశ్శబ్దము. మూడవనాటి రాత్రి నేను పెండ్లినాటి కారు సంగతి చెప్పితిని. ఆయన నవ్వి, “నాకు దెలియును. నీ పెట్టె నా మోకాలికి దగిలి వారముదినములు నొచ్చినది” అనిరి.

ఆ బండి కొనలేదు. అబ్బాయికి ఫోనుచేసి, గుల్లను విడదీసి యమ్మవలదనియు, డబ్బాలలోని వాని కిప్పుడైనను చీటీలు కట్టుమనియు చెప్పితిమి. ఎవరికైన నక్కరకు వచ్చును. మిద్దెపనివాండ్రు సోమవారము వచ్చుచున్నారు.

కోవెలకుంట్లలో నడుచుచున్న అంబాసిడరొకటి కలదని మావారు నిన్న విని వచ్చిరి. కొనుటకు గాదట, ఊరక చూచుటకట. స్క్రూడ్రైవరు నా సంచిలో బెట్టుకొంటిని.