అవి ఖాళీ సంవత్సరాలు కావు

పోయిన నెల ఎల్.బి.నగర్‌లో మహిళా సంఘం సమావేశం ముగిశాక ఒకామె ఆగిపోయి, సంచిలోంచి ఒక దరఖాస్తు ఫారం తీసింది. బయోకెమిస్ట్రీలో పిహెచ్.డి. చేసిన మనిషి. ఇద్దరు పిల్లల్ని కని పెంచింది, మంచాన పడ్డ అత్తగారికి చివరిదాకా చాకిరీ చేసింది. ఇప్పుడు మళ్ళీ లాబొరేటరీకి వెళ్దామనుకుంటోంది. ఫారంలో ఒక గడి దగ్గర ఆమె కలం ఆగిపోయింది. అక్కడ ‘విరామానికి కారణం’ రాయాలట.

"ఏం రాయాలక్కా? ఆ ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా విరామం దొరకలేదే!" అంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు, ఆ గడి గీసినవాళ్ళు.

ఆమె భర్త కూడా శాస్త్రవేత్తే. ఆయనకు విరామం రాలేదు. ఎందుకంటే ఆయన పిల్లలకు జ్వరం వస్తే మేలుకున్నది ఆమె, ఆయన తల్లికి పక్క మార్చింది ఆమె. ఆయన రాసిన ప్రతి పరిశోధనా పత్రం వెనుకా ఆమె చాకిరీ పెట్టుబడిగా ఉంది. అది ఏ పద్దులోనూ కనపడదు. పైగా ఆమె పేరు మీద ‘ఖాళీ’గా నమోదవుతుంది. పితృస్వామ్యం లెక్కలు ఇలాగే ఉంటాయి.

డిగ్రీ స్థాయిలో సైన్సు, సాంకేతిక, గణిత కోర్సులు చదివేవాళ్ళలో ఆడపిల్లలు సుమారు 43 శాతం అని ప్రభుత్వం గర్వంగా చెప్పుకుంటుంది. 2018 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారమే పరిశోధనా రంగంలో నేరుగా పనిచేస్తున్నవాళ్ళలో స్త్రీలు 16.6 శాతం. మధ్యలో మాయమైనవాళ్ళు ఎక్కడున్నారు? మన వీధుల్లోనే ఉన్నారు. ట్యూషన్లు చెబుతూ, ఇంటర్ కాలేజీల్లో పార్ట్‌టైమ్ పాఠాలు చెబుతూ ఉన్నారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేననను. మహిళా శాస్త్రవేత్తల పథకం 2002-03లో మొదలైంది. బయోటెక్నాలజీ శాఖ 2011లో బయోకేర్ తెచ్చింది. ఇప్పుడు వైజ్-కిరణ్ ఉంది. ఇవి ఎవరి దయాభిక్షా కాదు, స్త్రీలు పోరాడి సాధించుకున్నవి. కానీ ఈ పథకాలు ఇచ్చేవి కొన్నేళ్ళ ప్రాజెక్టులు, ఉద్యోగాలు కావు. గడువు తీరాక ఆమెకు ఎవరూ పోస్టు హామీ ఇవ్వరు. తలుపు తెరిచి, వరండాలో కూర్చోబెట్టి, మళ్ళీ పంపించేయడమే!

2016 యుజిసి నిబంధనలు పిహెచ్.డి. చేసే స్త్రీలకు 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, రెండేళ్ళ అదనపు గడువు ఇచ్చాయి. సంతోషమే. మరి ఫెలోషిప్? అది అయిదేళ్ళకే ఆగిపోతుంది. ఆ అదనపు రెండేళ్ళు ఆమె ఏం తిని పరిశోధన చేయాలి? 50 మంది ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలని 2017 చట్టం చెప్పింది. రిసెర్చి విద్యార్థిని ‘ఉద్యోగి’ కాదన్న సాకు మాత్రం మిగిలే ఉంది.

"ప్రతిభకు ఆడా మగా తేడా లేదు" అనే పెద్దమనుషులకు ఒకటి చెప్పాలి. దేశంలో పేరున్న భట్నాగర్ బహుమతికి ఏళ్ళ తరబడి 45 ఏళ్ళ వయోపరిమితి ఉండేది. పిల్లలు చేతికందే వయసుకు స్త్రీకి మిగిలేది ఎంత కాలం? మీరు కొలిచింది ప్రతిభను కాదు, ఇంటి బరువు లేని మగవాడి గడియారాన్ని. 1942లో పుట్టిన సి.ఎస్.ఐ.ఆర్.కు తొలి మహిళా డైరెక్టర్ జనరల్ 2022లో వచ్చారు. 80 ఏళ్ళపాటు ఈ దేశంలో ప్రతిభ గల స్త్రీ ఒక్కరూ లేరనా?

ఇక మన సంగతి కూడా చెప్పుకోవాలి. సారా మీద, కట్నం మీద, హింస మీద పోరాడిన మనం ఫెలోషిప్పుల మాట వస్తే, "అది పై తరగతి స్త్రీల గొడవ" అని పక్కన పెట్టేశాం. ఒకసారి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళకు వెళ్ళి చూడండి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చి, ఇరుకు గదుల్లో పరీక్షలకు తయారవుతున్న పిల్లలు కనపడతారు. చాలామంది వాళ్ళ ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లలు. అందులో దళితులున్నారు, బి.సి.లున్నారు. 2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోషిప్ నెలకు 37,000 అని కాగితం మీద ఉంది. అది నెలల తరబడి ఆలస్యమైతే డబ్బున్న ఇంటి అమ్మాయి ఆగగలదు. కూలి చేసుకునే తల్లి కూతురు ఆగలేదు. ఆమె ఏదో ఒక ఉద్యోగం వెతుక్కుంటుంది.

దారి కూడా వర్గాన్ని బట్టే ఉంటుంది. పరిశోధనా సంస్థలు ఎన్నో హబ్సిగూడ, తార్నాకల వైపు. ఒక మెట్రో లైను ఎల్.బి.నగర్‌లో ఆగితే, ఇంకోటి నాగోలులో మొదలవుతుంది. మధ్యలో ఉన్నది బస్సే. 2023 డిసెంబరు నుంచి మనకు బస్సు టికెట్టు మాఫీ అయింది. టైము మాఫీ కాలేదు. రాత్రి ప్రయోగం ముగిసేలోపు హాస్టల్ గేటు పడుతుంది. బాక్టీరియా వార్డెన్ గడియారం చూసుకుని పెరగదు కదా!

అందుకే మనం అడగాల్సింది జాలి కాదు. ఫెలోషిప్ ప్రతినెలా చేతికి రావాలి. పెంచిన గడువుకు డబ్బు కూడా పెంచాలి. ఉద్యోగాలకూ బహుమతులకూ వయోపరిమితి ఎత్తేయాలి. రిసెర్చి విద్యార్థినులకూ శిశు సంరక్షణ కేంద్రాలుండాలి, రాత్రి పనికి వాహనం ఉండాలి. తిరిగొచ్చిన స్త్రీకి ప్రాజెక్టు తర్వాత రెగ్యులర్ పోస్టు దారి చూపాలి.

ఇంతకీ ఎల్.బి.నగర్ మిత్రురాలు ఆ గడిలో ఏం రాసిందో చెప్పాలి కదా. ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ‘విరామం’ అన్న మాట కొట్టేసి, ‘ఆరేళ్ళు, జీతం లేని పని’ అని రాసింది. ఫారం వెనక్కి వస్తే రానివ్వండి. ఈసారి దాన్ని తీసుకుని ఆమె ఒక్కతే వెళ్ళదు.