పెట్టెలోని పరిమళము

రాబోవు సంక్రాంతి సమ్మేళనమున పానకమునకును కాఫీకిని బదులుగా సభ్యకుటుంబములకు ఒక్కొక్క పరిమళపు తేయాకు పెట్టె కానుకగా నీయవలెనని మన సంఘమున కొందరు సూచించియున్నారు. ఏ పెట్టె మేలో రుచి చూచి చెప్పు భారము మాపై నుంచినారు. మేము రుచి చూచితిమి. ఏ పెట్టెయు వలదని చెప్పుటకే ఈ వ్యాసము. అడిగినదొకటి, చెప్పుచున్నదొకటి యని మిత్రులు కోపింతురేమో, కోపింపనిండు.

పరీక్షించిన తీరు ముందుగా చెప్పవలెను. లేనిచో తీర్పు వ్రాసికొనియే కూర్చుంటిమని యందురు. తేనీటి రుచి నిర్ణయించుటకు 1980లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణ మొకటి గలదు: 100 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల ఆకు, మూతపెట్టి 6 నిమిషములు. ధనుర్మాసపు ఉదయములందు తిరువళ్లూరిలోని మా యింట, ఒకదాని వాసన వేరొకదాని కంటకుండ దినమున కొక్కటి చొప్పున, ఏడు పెట్టెలను ఈ విధముననే చూచితిమి. పాలుగాని చక్కెరగాని చేర్చలేదు.

గులాబి పెట్టె తెరవగానే పెండ్లిపందిట పన్నీరు చల్లినట్లుండెను. నోట బోసికొనగా పన్నీరే మిగిలెను. తేయాకు జాడ లేదు. మామిడిపండు వాసన గలది పిల్లలు చప్పరించు బిళ్ళలను జ్ఞప్తికి దెచ్చెను. దాల్చినచెక్క పెట్టెలో చెక్క తునకలు కంటికి గనబడినవి గనుక అది కొంత నిజాయితీ గలదనవచ్చును. బెర్గమోట్ అను నారింజజాతి పండు తొక్కనూనె చేర్చిన ఎర్ల్ గ్రే మాత్రము, పక్షపాతము మాని చెప్పవలెనన్న, బాగుండెను: ఆకు వగరును, తొక్క చేదును ఒకదాని నొకటి పట్టుకొని నిలిచినవి. ఇంకొక రెండింటిని గూర్చి వ్రాయుట కాగితము దండుగ.

మమ్ము మిక్కిలి బాధించినది మల్లెపెట్టె. చీనాదేశమున మల్లె తేయాకు చేయువారు మొగ్గలను దెచ్చి, రాత్రి అవి విచ్చుకొనువేళ ఆకుతో కలిపి యుంచి, ఆకు ఆ వాసనను పీల్చుకొన్న పిదప పూలను తీసివేసి, మరల కొత్తపూలతో అట్లే పలుమారులు చేయుదురు. దగ్గరనున్న దేని వాసననైనను గ్రహించు గుణము తేయాకునకు గలదు గనుకనే అది సాధ్యము. అది శ్రమ, దానికి మేము నమస్కరింతుము. మా పెట్టెపైనున్న సన్నని అక్షరములను భూతద్దముతో చదువగా అందు పూవే లేదు. పూవును బోలిన పరిమళద్రవ్యము మాత్రము గలదు. గుడి వీధిలో మల్లెలు మూరల లెక్కన అమ్ముచుండగా, మల్లె కాని మల్లెను మనము డబ్బిచ్చి కొని చుట్టములకు పంచవలెనా?

"మీ అల్లపు టీ మాత్రము పరిమళపు టీ కాదా?" యని మా సంఘపు యువకు డొకడు అడిగినాడు. మంచి ప్రశ్న. అవును, అదియు పరిమళపు టీయే. కాని అంగడివాడు అల్లమును మన కన్నుల యెదుటనే దంచుచున్నాడు. ఎక్కువైనను తక్కువైనను వానినే మందలింపవచ్చును. పరిమళము చేర్చిన సంగతిని, దాని పేరును పెట్టెపై ముద్రింపవలెనని 2011 నాటి ఆహార నిబంధనలు విధించినవి, మేలే. కాని ముద్రించినంత మాత్రమున కారము పుట్టదు.

ఇంతకంటె పెద్ద సంగతి యొకటి గలదు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమున జేరినది. అటుపిమ్మట కచేరీ భాష మారెను. 2006 నాటి చట్టముతో బడులలో తమిళము నిర్బంధపాఠ్యమయ్యెను. దానిపై ఫిర్యాదు చేయబూనుట లేదు. తమిళము మాకు అన్నము పెట్టిన భాష. అయితే మన పిల్లలకు తెలుగు మిగిలిన తావు వంటయిల్లు. పోపులపెట్టెయే వారి బాలశిక్ష. శొంఠి, పిప్పలి, వాము, యాలకులు అను మాటలు ఏ పుస్తకమునుండియు గాక ఆ పెట్టెనుండియే వారికి వచ్చినవి. మా పొరుగింటి బాలుని శొంఠికొమ్ము తెమ్మనగా, అది ఏ సంస్థవారి సరకని అడిగినాడు. వానికి అల్లము జింజరుగా, యాలకులు కార్డమముగా అట్టపెట్టెపై మాత్రమే తెలియును. తెలుగు సంఘమే అట్టి పెట్టెను పండుగ కానుకగా పంచినచో ఇక మనము ప్రతి యేట సభ చేయుట దేనికి?

డిసెంబరు 31వ తేదీ రాత్రి తిరుత్తణి కొండ మెట్ల పండుగకు బోయితిమి. సంవత్సరపు దినములకు సరిగా 365 మెట్లు. మెట్టు మెట్టునకు పూజ, పాట. తెల్లదొరల కాలమున జనవరి 1న జనులు నిమ్మపండ్లతో దొరల గుమ్మములకు బోవుచుండగా, వళ్లిమలై స్వామి వారిని తణికై దొరయైన స్వామి వద్దకు మరల్చి ఈ పండుగను నెలకొల్పెనని చెప్పుదురు. ఆ కథ వినుచు, కొండ దిగువ చిన్న గాజుగ్లాసులో త్రాగిన అల్లపు టీకి మా పరీక్షలో స్థానము లేదు. ఉన్నచో మా యేడు పెట్టెలును ఓడియుండును.

మరియు ఆ నెలలలోనే నీలగిరులందు మంచుకాలపు ఆకు గోయుదురు. చలికి చిగురు మెల్లగా పెరిగి, దాని సొంత వాసనయే చిక్కబడును. దానికి మామిడి పూత యేల? పచ్చియాకునకు గిట్టుబాటు ధర కోరి 2023లో కోతగిరి ప్రాంతపు చిన్నరైతులు నిరాహారదీక్షలు చేసిరి. పెట్టెపై బొమ్మకును, పట్టురిబ్బనునకును మనమిచ్చు డబ్బు వారి దాక చేరునని ఎవరైన నమ్మినచో వారి సరళహృదయమునకు జోహారు.

సంక్రాంతి చలిలో చల్లని పానకమేల యను ఆక్షేపణ మాత్రము న్యాయమైనదే. నిరుడు త్రాగి దగ్గినవారిలో మేమును ఉంటిమి. కావున మా సూచన యిది. తిరువళ్లూరి హృత్తాపనాశని కోనేట అమావాస్యనాడు జనులు బెల్లము విడుచుదురు. ఆ బెల్లమునే శొంఠి, మిరియాలు, యాలకులతో మరగించి, మన తమిళ సోదరులు సుక్కు కాఫీ యనుదానిని వేడివేడిగా పోయుదము. టీ కావలసినవారికి 1965లో ఏర్పడిన చిన్నరైతుల సహకార సమాఖ్యయగు ఇండ్‌కోసర్వ్ నుండి పూతలేని ఆకు తెప్పింతము. అల్లము పిల్లలచేతనే దంచింతము. ఇంటింటికి కానుక యీయక తప్పదన్నచో, ఒక్కొక్క గుడ్డసంచిలో శొంఠికొమ్ములు, యాలకులు పోసి, వాని పేర్లు తెలుగునను తమిళమునను వ్రాసి యిత్తము. చేవ్రాత మాది. గంగాళము తోమించు పని కూడ మేమే చూచుకొందుము.