గాయపడినవానిని ముట్టుట నేరమా?

రాజమార్గము మీద ఒకడు మోటారు తాకి పడిపోయి నెత్తురోడుచుండగా, నలువదిమంది చుట్టును మూగి చూచుచు నిలుచుట మన పట్టణములలో వింత కాదు. వీరందరును దయ లేనివారని మేము నమ్మజాలము. ముట్టినచో పోలీసువారు పట్టుకొందురు, సాక్ష్యమునకై కోర్టుల చుట్టును త్రిప్పుదురు అను భయమే వారి చేతులను కట్టివేయుచున్నది. ఆ భయమునకు పూర్వము కొంత ఆధారముండెను. నేడు లేదు.

ముందు చికిత్స, పిమ్మటనే పోలీసు లాంఛనములు అని 1989లో పరమానంద కటారా వ్యాజ్యెమునందు సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ప్రైవేటు వైద్యుడును ఈ విధికి లోబడినవాడే. గాయపడినవానిని ఆసుపత్రికి జేర్చినవాని పేరు చెప్పుమని నిర్బంధింపరాదను సూత్రములను 2016లో ఆ న్యాయస్థానమే దేశమంతట పాటింప నాజ్ఞాపించెను. 2019లో మోటారు వాహనముల చట్టమునకు 134ఏ సెక్షను చేరినది. ప్రతిఫలము కోరక సద్బుద్ధితో సాయపడినవాని వలన పొరపాటున హాని కలిగినను, అతనిపై సివిలు దావా గాని క్రిమినలు కేసు గాని నిలువదు. సాక్షిగా వచ్చుటయు అతని యిష్టమే.

చట్టము కట్లు విప్పినది సరే. విడివడిన చేతులు చేయవలసిన పని యేమి? ఒకడు 108కి ఫోను చేసి స్థలము చెప్పవలెను. వేరొకడు వచ్చెడి బండ్లను ఆపవలెను. నెత్తురు కారుచోట శుభ్రమైన గుడ్డ నుంచి గట్టిగా అదిమి పట్టవలెను. అది తడిసినచో తీయక, దానిపై మరియొకటి వేసి అదుమవలెను. పసుపు, కాఫీపొడి అద్దుట మన పాత అలవాటు, అది మానవలెను. స్పృహ తప్పినవాని నోట నీళ్లు పోయుట అంతకంటె అనర్థము: ఆ నీరు ఊపిరితిత్తులలోనికి బోయి ప్రాణము తీయగలదు. కాళ్లు చేతులు పట్టి యెత్తి ఆటోలో కుక్కుటయు నిట్టిదే. మెడయెముక విరిగియున్నచో ఆ యొక్క కుదుపుతో మనిషి జీవితాంతము మంచము పట్టవచ్చును. నిప్పు మొదలగు ప్రమాదము లేనిచో అంబులెన్సు వచ్చువరకు కదల్పరాదు.

పిలిచినను పలుకక, ఊపిరి యాడనిచో మాత్రము క్షణము జాగు చేయరాదు. ఎగశ్వాసను ఊపిరియని భ్రమింపరాదు. రొమ్ము నడుమ రెండు చేతులు ఒకదానిపై నొకటి మోపి, రెండంగుళములు దిగునట్లు, నిమిషమునకు 100 మొదలు 120 మారులు నొక్కుచుండవలెను. పఠనాలయములవారు ఒక సాయంకాలము వైద్యుని రావించి దీనిని బొమ్మపై అభ్యాసము చేయించిన బాగుండును. చదివినంత మాత్రమున చేతికి రాదు.

సాయపడినవాని హక్కులను దేశభాషలో వ్రాసి ప్రతి ఆసుపత్రియు ద్వారమున గాని, అందరికి కనబడు చోట గాని ప్రకటింపవలెనని 2020 నాటి నిబంధనలు విధించుచున్నవి. తమ యూరి ఆసుపత్రిలో ఆ తెలుగు పలక యున్నదో లేదో చదువరులు స్వయముగా పోయి చూతురు గాక. లేనిచో సూపరింటెండెంటునకు వ్రాతమూలకముగ అర్జీ పెట్టి, రసీదు పుచ్చుకొనవలెను.