అటక దిగిన స్టీరియో

చెన్నైలోనే చిన్న ఫ్లాటుకు మారుతున్నాం. అటక మీంచి మా నాన్నగారి స్టీరియో దిగింది. టర్న్‌టేబుల్, ఆంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్లు, పాతిక రికార్డులు. పాత సామాన్లు కొనేవాడు చూసి "అన్నీ కలిపి ఐదొందలు" అన్నాడు. "ఇచ్చేయండి, అక్కడ చోటెక్కడుంది?" అంది మా ఆవిడ.

ఒకసారి విందామని ప్లగ్గు పెట్టబోయాను. రిచీ స్ట్రీటులో తెలిసిన మెకానిక్ ఫోనులోనే వారించాడు. ఏళ్ళ తరబడి వాడకపోతే ఆంప్లిఫయర్‌లో కెపాసిటర్లు ఎండిపోతాయట. ఒక్కసారిగా కరెంటిస్తే మిగతా భాగాలూ కాలిపోవచ్చు. టర్న్‌టేబుల్ రబ్బరు బెల్టు సాగిపోతుంది. ఇవన్నీ మార్చుకోవచ్చు. అరిగిన ముల్లు మాత్రం పెట్టకూడదు, రికార్డు గాడినే చెక్కేస్తుంది.

అన్నీ మార్పించి ఘంటసాల గారి భగవద్గీత పెట్టాను. బళ్ళో తమిళం చదువుకున్న నాకు, శ్లోకం తర్వాత వచ్చే ఆ తాత్పర్యమే తెలుగు పలకడం నేర్పింది. ఒకచోట ముల్లు గెంతింది. "చిన్నప్పుడు నువ్వు గీసిన గీతే! మీ నాన్న ఎంత కోప్పడ్డారో" అంది మంచం మీంచి అమ్మ. ఆయన పోయాక ఆ ఊసు ఎత్తడం అదే మొదలు.

పెద్ద స్పీకర్లు మెకానిక్కే కొన్నాడు, రెండు వేలకు. ఆ డబ్బుకు కొంత కలిపి చిన్నవి తెచ్చాను. మిగతాది మాతోనే వస్తోంది.

మీ అటక మీదా ఇలాంటిది ఉంటే, తూకానికి వేసే ముందు ఒకసారి బాగుచేయించి వినండి. ఇంట్లో వినేవాళ్ళు లేరని తేలితే, వినేవాళ్ళకే అమ్మండి. ధరా బాగుంటుంది, మనసూ కుదుటపడుతుంది.