కలుపుకు పేరు పెట్టినోళ్లు, అడవికి పేరు తీసేసినోళ్లు

థీమ్ పార్కుకు పోయినోళ్లు ఏం జూస్తరు? రైడ్లు జూస్తరు, ఫొటోలు దిగుతరు, పిల్లలకు ఐస్‌క్రీం కొనిస్తరు. చెట్టు దిక్కు ఎవ్వరూ జూడరు. కానీ ఆ పార్కును నిలబెట్టేది చెట్టే. నేను వృక్షశాస్త్రం చదివినోణ్ని కాదు. ఎండల ధర్నాలు జేసినోణ్ని గాబట్టి నీడ విలువ ఎరుక.

అమెరికాల కాలిఫోర్నియా రాష్ట్రం అనాహైంల 1955 జులై 17న డిస్నీల్యాండ్ తెరిచిండ్రు. 160 ఎకరాల నారింజ తోటలు కొని కట్టిన పార్కు అది. చెట్ల పని బిల్ ఎవాన్స్ అనే ఆయన జూసిండు. చుట్టూ ఎత్తుగా మట్టికట్ట పోసి, దాని మీద చెట్లు పెట్టిండ్రు. ఎందుకు? లోపలున్నోనికి బయటి రోడ్డు, కరెంటు స్తంభం కండ్ల పడొద్దని. ఒక దిక్కు అడవి, ఇంకో దిక్కు కౌబాయ్‌ల ఊరు. ఒకటి ఇంకోదాంట్ల కలవకుండ మధ్యల చెట్లే గోడలు. చెట్లను కత్తిరించి చిన్నగ ఉంచితే పక్కనున్న కోట పెద్దగ కనిపిస్తది. లైన్ల నిలబడ్డోనికి నీడ దొరికితే గంటసేపైనా కోపం రాదు. అంటే అక్కడ చెట్టు అందానికి పెట్టిన బొమ్మ కాదు, జీతం లేని కూలి.

నన్ను ఆలోచనల పడేసినయి మూడు ముచ్చట్లు. ఒకటి, అప్పట్ల లాస్ ఏంజెలెస్ చుట్టూ పెద్ద రోడ్లు ఏస్తున్నరు. అడ్డమొచ్చి నరికేయబోయే చెట్లను ఎవాన్స్ మనుషులు తెచ్చుకొని పార్కుల నాటుకున్నరు. రెండు, భూమి అమ్మిన ఒక కుటుంబం, మా ఖర్జూర చెట్టును కొట్టొద్దని అడిగింది. అది 1896ల పెట్టిన చెట్టు. దాన్ని ఏర్లతోని లేపి అడవి సెట్టింగుల నాటిండ్రు. మూడోది ఇంకా మజా. తెరిచే రోజుకు మొక్కలు కొనే పైసలు అయిపోయినయి. ఖాళీ జాగల కలుపు మొలిచింది. దాన్ని పీకలే. లాటిన్ పేర్లతోని బోర్డులు పెట్టిండ్రు! చూసినోళ్లు అవేవో ఖరీదైన మొక్కలనుకున్నరు.

డిస్నీ ధర్మాత్ముడని నేను జెప్తలేను. నారింజ తోటలు లేపేసి కట్టిన యాపారమే అది. 1998ల ఫ్లోరిడాల తెరిచిన వాళ్ల యానిమల్ కింగ్‌డమ్‌ల 145 అడుగుల 'జీవవృక్షం' ఉంటది. లోపల ఆయిల్ రిగ్గు లాంటి ఇనుప చట్రం, పైన లక్షకు పైగా ప్లాస్టిక్ ఆకులు. ఒక్క ఆకు గూడ ఊపిరి తీయది. అయినా ఆ యాపారికి ఒక లెక్క తెలుసు. కోట నెలలల్ల కట్టొచ్చు గానీ, అరవై ఏండ్ల చెట్టును అరవై ఏండ్లు ఆగితే తప్ప తయారుజెయ్యలేం.

ఇగ మన ముచ్చట. 2025 మార్చి ఆఖర్ల కంచ గచ్చిబౌలిల బుల్డోజర్లు దిగినయి. సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాలు. ఐటీకి జాగ అన్నరు. పిల్లలు అడ్డం పడ్డరు, లాఠీలు తిన్నరు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నది. అప్పటికే చానా చెట్లు నేలగూలినయి. నెమళ్లు తిరిగే ఆ జాగను కొందరు ఏమన్నరు? అది అడవి కాదు, ఉత్త పొదలు అన్నరు. మన రాష్ట్ర పువ్వు తంగేడు పూసేది అసొంటి పొదలకే గదా! అక్కడ కలుపుకు పేరు పెట్టి మొక్కను జేసిండ్రు. ఇక్కడ మొక్కకు పేరు తీసేసి కలుపును జేసిండ్రు.

ఇంకో దిక్కు ఏ గేటెడ్ లేఅవుట్ కాయితం జూసినా 'పచ్చదనం' అనే ఉంటది. వేప, మోదుగ, సీతాఫలం కొట్టేసి కార్పెట్ గడ్డి పరుస్తరు. దానికి పొద్దూమాపు నీళ్లు కొట్టాలె. హరితహారంల రోడ్ల నడుమ కోనోకార్పస్ పెట్టిండ్రు, తర్వాత సర్కారే అది పెట్టొద్దన్నది. తొందరగ పచ్చగ కనిపించాలన్న ఆరాటానికి పడ్డ మూల్యం అది. ఆ గడ్డిల కూసొని కలుపు తీసే అక్కలకు మాత్రం నెత్తి మీద నీడ ఉండది.

చెట్లను కాపాడేటందుకు వాల్టా చట్టం 2002లనే వచ్చింది. కొత్త చట్టం అడుగుతలేను. పార్కైనా, కంపెనీ అయినా గీతలు గీయక ముందే అక్కడున్న చెట్లను లెక్కబెట్టాలె. వాటి పేర్లు, వయసు ఊరోళ్ల ముందర చదవాలె. చెట్టు చుట్టూ ప్లాన్ గీయాలె గానీ ప్లాన్ కోసం చెట్టు జరగొద్దు. కొత్తగ పెట్టేవి ఈ నేల మొక్కలే కావాలె.

టికెట్టు కొన్నోనికే నీడ ఇచ్చేది థీమ్ పార్కు. మేకలు కాసేటోనికి గూడ నీడ ఇచ్చేది కంచ. మొదటిదాన్ని ఎప్పుడైనా కట్టుకోవచ్చు. రెండోది పోతే మన మనుమల కాలానికి గూడ తిరిగి రాదు.