ఊరేగింపులో ముందు వరుస ఎవరిది?

మళ్లీ సెప్టెంబర్ దగ్గరికొచ్చింది. 17వ తేదీన జిల్లా కేంద్రాల్లో జెండా ఎగురుతుంది. పోలీసుల కవాతు ఉంటుంది. బడి పిల్లలు దేశభక్తి గీతాలు పాడుతారు. పార్టీలు ఎవరి ఊరేగింపు వాళ్లు తీస్తారు. మన సంఘం కూడా 10వ తేదీ నుంచి వారం రోజులు తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని గుర్తు చేసుకుంటూ సభలు జరపాలనుకుంటోంది. 10వ తేదీ చాకలి ఐలమ్మ వర్ధంతి. 1985లో ఆ రోజే ఆమె కన్నుమూసింది.

నల్లగొండ, పాలమూరు రెండు వైపుల నుంచీ మండల కమిటీలు అడుగుతున్నవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు. పండుగకు ఏ పేరు పెట్టాలి? ఊరేగింపు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా? ట్రాక్టర్లు పెడదామా, డీజే పెడదామా? చందా ఎంత? వీటికి జవాబు చెప్పే ముందు ఏం జరుపుకుంటున్నామో మనకు స్పష్టంగా ఉండాలి.

పేరు దగ్గరే పెద్ద పంచాయితీ. 2022లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో విమోచన దినం జరిపింది. అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అన్నది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అని పేరు మార్చింది. అదే ఏడాది కేంద్రం హైదరాబాద్ విమోచన దినమని గెజిట్‌లో ప్రకటించింది. విలీన దినం అనేవాళ్లూ ఉన్నారు. తేదీ ఒకటే, పేర్లు నాలుగు. ఈ పేర్ల గొడవలో వెట్టి చేసినవాళ్ల పేరు, తూటా తిన్నవాళ్ల పేరు వెనక్కి పోతున్నది. మా అభ్యంతరం అక్కడే.

అసలు ఈ చరిత్రే ఒక ఊరేగింపుతో మలుపు తిరిగింది. 1946 జూలై 4న కడివెండి గ్రామస్తులు గుత్పలు, వడిసెలలు పట్టుకొని విసునూరు దేశ్‌ముఖ్ ఆగడాలకు వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. అప్పట్లో ఆ ఊరు మన నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఊరేగింపు గడీ దగ్గరికి రాగానే దొర మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. గొర్లు కాసుకునే ఇంటి బిడ్డ. ఆ ఊరేగింపుకు అనుమతి లేదు, బందోబస్తు లేదు, వేదిక లేదు. వెట్టి చెయ్యం, లెవీ గింజలు ఇయ్యం, భూమి వదలం అన్న మాట ఒక్కటే ఉన్నది. ఈ రోజు పట్నంలో మనం నడిచే ప్రతి ఊరేగింపుకూ అదే తల్లివేరు.

ఆ తర్వాత సంగతి మన పెద్దలు చెప్పగా విన్నదే. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరితే నిజాం రాజ్యంలో ఆ జెండా పట్టుకున్నవాళ్లను అరెస్టు చేశారు. సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. పోరాట నాయకులు రాసిన చరిత్రల ప్రకారం మూడు వేల గ్రామాల్లో సంఘం రాజ్యం నడిచింది, పది లక్షల ఎకరాలు పంచారు, నాలుగు వేల మంది ప్రాణాలిచ్చారు. పాలమూరు వైపు ఆత్మకూరు సంస్థానంలోని అప్పంపల్లిలో కూడా 1947లో పోలీసు కాల్పులకు జనం బలయ్యారు. నల్లగొండ పోరాటమంటే తెలిసిన మన పిల్లల్లో అప్పంపల్లి పేరు విన్నవాళ్లు తక్కువ. ఈసారి పాలమూరు సభలు అక్కడి అమరుల పేర్లతోనే మొదలు కావాలి.

సర్కారు పండుగలో చెప్పని మాట ఇంకొకటుంది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ వదిలింది. ఆ రోజు జనం సంతోషించారు, అది నిజమైన సంతోషమే. కానీ కథ అక్కడ ఆగలేదు. ఊరు విడిచి పారిపోయిన దొరలు ఖద్దరు కట్టుకొని తిరిగి వచ్చారు, పంచిన భూములను మళ్లీ గుంజుకున్నారు. నిజాం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు. రైతులు మాత్రం 1951 అక్టోబర్ దాకా అడవుల్లో, జైళ్లలో ఉన్నారు. అదే 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలో వినోబా ముందు దళితులు అడిగింది కూడా భూమినే. 17వ తేదీ దగ్గర చరిత్రను తెగ్గొడితే భూమి ముచ్చట రాదు. భూమి ముచ్చట రాని పండుగ రైతుకు ఎందుకు?

దీన్ని హిందూ ముస్లిం కొట్లాటగా చెప్పే వాళ్లకూ మనం జవాబివ్వాలి. విసునూరు దొర ముస్లిం కాదు. ఆ దొరతనానికి ఎదురు తిరిగి ప్రాణం పోగొట్టుకున్న తొలి రైతుల్లో షేక్ బందగీ ఉన్నాడు. రజాకార్లను విమర్శించినందుకు చంపబడ్డ ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఉన్నాడు. సైన్యం వచ్చిన తర్వాత ఏ పాపమూ ఎరగని ముస్లిం కుటుంబాలు దెబ్బతిన్నాయని కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందమే చెప్పింది. మన ఊళ్లలో పీర్ల పండుగకు అందరం కలిసి ఎగిరేవాళ్లం. మన ఊరేగింపు చూసి పక్కింటి సాయిబు తలుపు వేసుకునే పరిస్థితి వస్తే అది మన ఊరేగింపు కాదు. బందగీ చిత్రపటం కొమరయ్య పటం పక్కనే ఉండాలి.

ఇప్పుడు ఏర్పాట్ల సంగతి.

మొదటిది, కాలం. సెప్టెంబర్ నడుమ పత్తి పూత, కాయ మీద ఉంటుంది. వరికి రెండో దఫా ఎరువు పడే సమయం. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డది ఎవరూ మరవలేదు. కాబట్టి వారం రోజులూ సభల పేరుతో రైతును చేను నుంచి లాగొద్దు. ఊళ్లలో సాయంత్రం పూట ఒక్క సభ, పట్నంలో 17న ఒక్క ఊరేగింపు చాలు. నల్లగొండలో గానీ పాలమూరులో గానీ గడియారం సెంటర్ దగ్గర పదకొండు గంటలకల్లా ముగిస్తే మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు.

రెండోది, ఖర్చు. డీజే వద్దు. డప్పు ఉన్నది, కోలాటం ఉన్నది, పాట ఉన్నది. నిలువెత్తు ఫ్లెక్సీల మీద నాయకుల బొమ్మలు వద్దు, మా బొమ్మలు కూడా వద్దు. ట్రాక్టర్లు ముసలివాళ్లను తీసుకురావడానికి మాత్రమే. డీజిల్ ఖర్చు ఊరి కమిటీది. చందా ఇంటికి ఇంత అని కట్టవద్దు, ఇచ్చినంత తీసుకోండి. లెక్క మరుసటి వారమే ఊళ్లో చదవండి.

మూడోది, స్తూపాలు. చాలా ఊళ్లలో అమరుల స్తూపాల చుట్టూ కంప పెరిగింది, పేర్లు చెరిగిపోయాయి. 10వ తేదీ లోపల కంప కొట్టి, సున్నం వేసి, పేర్లు మళ్లీ రాయించాలి. పేరు తెలియకుంటే ఊరి ముసలివాళ్లను అడగండి. ఆ కాలం చూసిన వాళ్లు ఇక కొద్దిమందే. మల్లు స్వరాజ్యం 2022లో పోయింది. మిగిలినవాళ్లు చెప్పే మాటలను బడి పిల్లలతో రాయించండి, సెల్‌ఫోన్‌లో రికార్డు చేయించండి. వేదిక మీది ఉపన్యాసం కంటే అది ఎక్కువ కాలం నిలుస్తుంది.

నాలుగోది, ముందు వరుస. జాతీయ జెండా ముందుంటుంది. దాని వెనక అమరుల కుటుంబాలు, ఆ తర్వాత మహిళలు, కౌలు రైతులు, కూలీలు. నాయకులు ఆఖర్న నడవాలి. ఇది మర్యాద కోసం పెట్టిన వరుస కాదు, దీనికి కారణం ఉన్నది.

ఐలమ్మ ఎవరు? పాలకుర్తిలో మక్తా భూమిని కౌలుకు తీసుకొని దున్నుకున్న మనిషి. ఆ పంట మీద దొర కన్ను వేస్తే సంఘం మనుషులు నిలబడి, కోసి, వడ్లు ఆమె ఇంటికి చేర్చారు. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. మంచిదే. కానీ ఐలమ్మ ఇవాళ ఉండి అదే నాలుగెకరాలు కౌలుకు చేస్తే ఏమొస్తుంది? 2018 నుంచి వచ్చిన రైతుబంధు ఆమెకు రాదు. రైతు బీమా 5 లక్షలు కూడా పట్టా ఉన్నవాళ్లకే. 2023 ఎన్నికల్లో కౌలు రైతులకు కూడా ఎకరాకు ఏడాదికి 15,000 రూపాయలు అన్నారు. 2025 జనవరిలో రైతు భరోసా 12,000 అన్నప్పుడు పట్టాదారు పేరే చూశారు. కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వాలని 2011లో చేసిన చట్టం ఉన్నది, అమలు చేసే చెయ్యి లేదు. పేరుకు విశ్వవిద్యాలయం, పంటకు గుర్తింపు లేదు.

అందుకే 17న మన ఊరేగింపు జెండా వందనంతో ఆగదు, వినతిపత్రంతో ముగుస్తుంది. అందులో మూడే మాటలు ఉండాలి. 2011 చట్టం ప్రకారం ప్రతి కౌలు రైతుకు కార్డు ఇవ్వాలి. భరోసా, బీమా దున్నేవాడికి చేరాలి. సాదాబైనామా దరఖాస్తులకు గడువు పెట్టి తేల్చాలి. ముప్ఫై డిమాండ్లు రాస్తే ఎవరూ చదవరు. మూడు రాస్తే తప్పించుకోవడం కష్టం.

ప్రతి ఊరి కమిటీ ఆగస్టు ఆఖరులోగా రెండు జాబితాలు తయారు చేయాలి. ఒకటి, ఊళ్లో పోరాడిన వాళ్ల పేర్లు. రెండోది, ఇవాళ ఊళ్లో కౌలుకు చేస్తున్న వాళ్ల పేర్లు, ఎకరాలు. మొదటి జాబితా స్తూపం దగ్గర చదవండి. రెండోది ఊరేగింపుతో పాటు పట్నానికి తీసుకొచ్చి, కలెక్టరేట్‌లో ఇచ్చి, రసీదు తీసుకోండి.