నోట సమత్వము, వాకిట గడియ

అమెరికాలో సాన్ ఫ్రాన్సిస్కో పరిసరములు ఉదారవాదులకు పుట్టినిల్లు. టెక్సాసు రాష్ట్రము పూర్వాచారపరులకు కంచుకోట. అయినను సామాన్యునకు ఇల్లు అందుబాటులో నున్నది టెక్సాసులోనే. మన తెలుగు కుటుంబములు పెక్కు డల్లాసు చేరుటకు ఇదియు నొక కారణము. సమత్వమును బోధించువారి యూరనే పేదకు చోటు లేకపోవుట యేల?

అచ్చట జీతములు హెచ్చు, నిజమే. కాని జీతములతో పాటు ఇండ్లును హెచ్చిన ధర యింతగా నెగబ్రాకదు. ఇండ్లను హెచ్చనీయనివారు ముందుగా స్థిరపడిన గృహస్థులే. బర్కిలీ నగరము 1916లోనే, కొన్ని పేటలలో ఒక స్థలమున ఒక్క కుటుంబమునకే ఇల్లుండవలెనని కట్టడి చేసినది. 1978లో కాలిఫోర్నియా ప్రజలు, ఇల్లు చేతులు మారునంతవరకు పన్నుకై కట్టు విలువ ఏటికి నూటికి రెండుకంటె పెరుగరాదని ఓటువేసి శాసించుకొనిరి. ధర పెరిగిన లాభము పాతవానిది, భారము కొత్తవానిది! గురివిందగింజ తన నలుపెరుగదు గదా.

అట్లని సిద్ధాంతమును నిందింపము. టెక్సాసులోని ఆస్టిన్ నగరము ఉదారవాదులదే. అచ్చట విరివిగా ఇండ్లు కట్టనిచ్చిరి; 2023 నుండి అద్దెలు తగ్గినవి. తప్పు జెండాది కాదు, గడియ వేసిన తలుపుది.

ఇది మనకేల యందురా? 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణమైనది. కచేరీలున్న చోటికి ఉద్యోగులు, వారి వెంట వర్తకులు, కూలీలు వత్తురు. మాచర్ల, గురజాలలనుండి పనికై వచ్చువాడు తల దాచుకొనుటెక్కడ? 2020 డిసెంబరులో ఆరంభమైన ప్రభుత్వ పథకమున పట్టణపు పేదకు చూపినది సెంటు భూమి. అదియు రాష్ట్రమున పెక్కుచోట్ల ఊరికి దూరము. ఇక సభలో సమత్వమునకు చప్పట్లు కొట్టిన పెద్దమనిషియే, అద్దెకు వచ్చినవానిని మొదట కులమడుగును. ధర పెంచు గడియలలో ఇదియు నొకటి కాదా?

1922లో మించాలపాడున కన్నెగంటి హనుమంతు పుల్లరి నెదిరించి ప్రాణమర్పించెను. పశువు మేయు గడ్డిపై సుంకమును సహింపని సీమ, మనిషి నిలుచు జాగాపై పాతకాపులు విధించు సుంకమును సహింపవచ్చునా?

పురపాలక సంఘము మేడపై మేడకు అనుమతి నిచ్చి, ఊరి నడుమనే పేదల ఇండ్లకు చోటు చూపవలెను. దానిని మన వీధికి వలదని అర్జీ పెట్టువాడెంతటి దేశభక్తుడైనను, మేము వాని పక్షమున నిలువము.